ఒంటరిగా వచ్చిన సీసం

హిందూపురంలో పాత కాలేజీ ఒకటి ఉంది. అందులో భూగర్భశాస్త్రం చెప్పే వరండా చివర, సైకిల్ స్టాండుకు ఆనుకొని, రాళ్లు దంచే గది. ఆ గది తలుపు పక్కన గోడకు ఒక మేకు కొట్టి ఉంటుంది. పొద్దున తొమ్మిదిన్నరకు ఆ మేకుకు డజను మట్టిగాజులు ఎక్కుతాయి, సాయంత్రం నాలుగున్నరకు దిగుతాయి. ఇరవై రెండేళ్లుగా ఇదే తంతు. ఆ గాజులు ఈశ్వరివి. పేరుకు అటెండరు, పనికి ఆ గదికి మహారాణి. మహారాణి అన్నామని మెత్తని మనిషి అనుకునేరు, ఆమె నోటికి జడవనివాళ్లు ఆ వరండాలో లేరు.

జడవక ఏం చేస్తారు? చెప్పిందే ఎన్నిసార్లని చెప్పాలి మనిషి? ఉంగరాలు, గాజులు, గడియారాలు, చేతికి కట్టుకునే దారాలు బయటే పెట్టి రావాలని తలుపు మీద పెద్ద అక్షరాలతో రాయించింది. వచ్చేవాళ్లంతా డిగ్రీలు చదివినవాళ్లే, ఆ నాలుగు ముక్కలు మాత్రం ఒక్కరూ చదవరు. ప్రతి ఏడూ ఎవడో ఒకడు రాశి ఉంగరం పెట్టుకొని వచ్చి నున్నగా మెరిసే అగేటు రాతి రోలు మీద చెయ్యి వేస్తాడు. "ఏమప్పా, ఆ ఉంగరం నీ వేలికా, నా పొడికా?" అంటుంది ఈశ్వరి. ఇంత ఉంగరం అరిగితే ఏమవుతుందక్కా అని వాడు నవ్వుతాడు. ఆమె నవ్వదు. రాతిలో వీళ్లు వెతికేదే పిసరులో పిసరు. పది లక్షల పాళ్ల రాతిలో నాలుగు పాళ్లో ఐదు పాళ్లో ఉండే లోహాలను లెక్కగట్టి, ఆ లెక్కను బట్టి ఆ రాయి ఎట్లా పుట్టిందో చెబుతారు. ఉంగరం ఒక్కసారి రోలుకు రాసుకుందంటే ఆ లెక్క కాస్తా మట్టిపాలు. ఈ సంగతి చెప్పీ చెప్పీ ఆమె గొంతు పోయింది కానీ ఉంగరాలు రావడం మానలేదు.

ఈ చాదస్తం ఆమెకు పుట్టింటి నుంచి వచ్చింది. పుట్టింది రామగిరిలో. తండ్రి జయరాముడు బంగారు గనిలో రాతి శాంపిళ్లు దంచే గదిలో పని చేసేవాడు. టన్ను రాయి పిండి చేస్తే చిటికెడు బంగారం దొరికే చోట మనిషి ఒంటి మీద దుమ్ము కూడా లెక్కలోకి వస్తుంది. ఆయన గదిలోకి పోయే ముందు చొక్కా దులిపేవాడు, బయటికి వచ్చే ముందు మళ్లీ దులిపేవాడు. లోపలిది బయటికి పోకూడదు, బయటిది లోపలికి రాకూడదు అనేవాడు. గని మూతపడ్డాక ఆ ఇంట్లో మిగిలిన ఆస్తి ఆ ఒక్క మాటే. దాన్నే కూతురు అత్తారింటికి తీసుకుపోయింది.

అత్తారిల్లు ధర్మవరం. పట్టుచీరల మగ్గాలు రెండు ఆడే ఇల్లు. మొగుడు ధనుంజయకు మగ్గం గుంతలో కూర్చోవడం పడలేదు. హిందూపురం వచ్చి బట్టల ఫ్యాక్టరీలో కుట్టుమిషన్లు బాగుచేసే పనిలో కుదిరాడు. ఈశ్వరికి కాలేజీలో ఈ కొలువు దొరికింది. అంతా బాగానే ఉంది కానీ అత్త వెంకటమ్మకు ఒక్కటే గుచ్చుకునేది. కోడలు పొద్దున్నే గాజులు తీసేసి పనిలోకి దిగుతుందని ఎవరో మోసుకొచ్చి చెప్పారు. ఇక పండక్కి పోయినా, పురుడుకు పోయినా అదే మాట. "మొగుడు గుండ్రాయి మాదిరి ఉండంగా బోడి చేతుల్తో తిరిగేదేందమ్మా? అదేం ఉద్యోగం?" అనేది నలుగురిలో. ఈశ్వరి మొదట్లో ఓపిగ్గా చెప్పి చూసింది. గాజు కూడా రాయి లాంటిదే అత్తా, అది పగిలి పొడిలో పడితే పొడి చెడిపోతుంది అని. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. ఆ తర్వాత చెప్పడం మానేసి, ధర్మవరం పోయినప్పుడల్లా రెండు డజన్లు తొడుక్కొని పోయేది.

రాళ్ల గురించి ఆమెకు ఎవరూ పాఠం చెప్పలేదు, ఒక్క లక్ష్మన్న సారు తప్ప. ఆయన రిటైరై చాలా ఏళ్లయింది. ఆమె కొత్తగా చేరిన రోజుల్లో, ఎందుకు దంచుతున్నదీ తెలియకుండా దంచితే చెయ్యి మొద్దుబారుతుందని, ఆయన ఒకరోజు గాజుగ్లాసులో బెల్లం కలిపిన పంచదార పాకం పోసి, దారం వేలాడదీసి కిటికీలో పెట్టాడు. పది రోజులకు దారానికి కలకండ పలుకులు కట్టాయి. పలుకులు తేటగా ఉన్నాయి, అడుగున మిగిలిన పాకం మాత్రం ముందుకంటే నల్లబడింది. భూమి లోపల కరిగిన రాయి కూడా ఇట్లాగే చల్లారుతుందన్నాడాయన. ముందు గట్టిపడే పలుకులు తమలో ఇమిడేవాటినే రానిస్తాయి. నికెల్, క్రోమియం లాంటివి ఇముడుతాయి, మొదట్లోనే పోయి కూర్చుంటాయి. రుబీడియం, థోరియం లాంటివి ఇమడవు, పలుకులు వాటిని బయటికి నెడుతూ ఉంటాయి. అట్లా తోసేసినవన్నీ ఒకచోట చేరి, ఆఖరి బొట్టు ద్రవం దాకా కలిసే తిరుగుతాయి. సీసం కూడా చాలావరకు ఆ గుంపులోదే. ఎవరెవరు కలిసి వచ్చారో చూస్తే రాయి కథ తెలుస్తుంది ఈశ్వరీ అన్నాడు. ఆ కలకండను ఆయన తినేశాడు కానీ, ఆ మాట ఆమెకు ఉండిపోయింది.

హరిత ఆ గదికి వచ్చింది నాలుగేళ్ల కిందట. నల్లమాడ వైపు పల్లె, వేరుశనగ చేలు నమ్ముకున్న కుటుంబం, ఇంట్లో పీహెచ్‌డీ దాకా వచ్చింది ఆ పిల్ల ఒక్కతే. మొదటి రోజే చెవుల కమ్మలతో సహా తీసేసి మేకు దగ్గర నిలబడింది. ఈశ్వరికి అప్పటినుంచి ఆ పిల్లంటే ప్రాణం. పెనుకొండ చుట్టూ గుట్టల్లో తెల్లటి గ్రానైటును చీల్చుకొని నల్లరాయి గోడల్లా పరుచుకొని ఉంటుంది చూశారా, ఆ నల్లరాయి మీద హరిత పరిశోధన. ఒకప్పుడు అడుగున కరిగిన ద్రవం నెర్రెల్లోకి ఎగదన్ని చల్లారిందే ఆ గోడ. ఏ చోట ముందు చల్లారింది, ఏ చోట చివరికి చల్లారింది, ఒకే ద్రవమా, వేరువేరా, ఇదంతా పిసరు లోహాల లెక్కతో తేల్చాలి. నలభై రెండు చోట్ల రాళ్లు కొట్టి తెచ్చింది. జూన్ నుంచి డిసెంబరు దాకా వాటిని మెత్తటి పిండి చేసింది ఈశ్వరి. ఏ రోజు ఏ రాయి దంచిందో, ఎన్నో వరసలో దంచిందో తన పొడుగు నోటుబుక్కులో రాసుకుంది. ఆ బుక్కు ఎవరూ అడగరు, ఎవరూ చూడరు. అయినా రాస్తుంది.

మధ్యలో దసరా వచ్చింది. ఆయుధపూజకు ముందు ఆదివారం ధర్మవరం పోతే ఒక వింత జరిగింది. వెంకటమ్మ మగ్గాలకు పూజ చేయడానికి తెచ్చిన సిందూరం పొట్లంలోంచి సగం వేరే కాగితంలో కట్టి కోడలి చేతిలో పెట్టింది. "మగ్గానికి పెట్టేది ఇదే. నీ మిషన్‌కు గూడా పెట్టు పో. అన్నం పెట్టేదే గదా అది" అంది. ఇరవై రెండేళ్లలో ఆ ఉద్యోగాన్ని ఆవిడ అన్నం పెట్టేది అనడం అదే మొదలు. ఈశ్వరి బస్సులో పెనుకొండ దాటేదాకా కళ్లు తుడుచుకుంటూనే ఉంది. ఏటా ఇంట్లోని కుంకుమ పేరుకు ఒక చుక్క పెట్టేది. ఈసారి రాళ్లు నలిపే మిషన్ దవడలకు, రోటికి, రోకలికి చేతినిండా పెట్టింది, నిమ్మకాయ కోసింది, కొబ్బరికాయ కొట్టింది. సెలవులు అయిపోయాక పొడి గుడ్డతో తుడిచి పని మొదలుపెట్టింది.

జనవరి ఇరవైన హైదరాబాదు ల్యాబు నుంచి ఫలితాలు వచ్చాయి. నికెల్ బాగుంది, జిర్కోనియం బాగుంది. సీసం దగ్గర మాత్రం అందరి కళ్లూ నిలబడ్డాయి. నాలుగో ఐదో ఉండాల్సిన చోట మూడువందల నలభై. పక్క రాతిలో ఆరు. దాని పక్కదానిలో నూట తొంభై. తర్వాత మళ్లీ ఐదు.

డిపార్టుమెంటు పెద్ద జయప్రకాష్ సారు ఎగిరి గంతేశాడు. ఆయనకు ఏదీ చిన్నగా కనిపించదు, గోరంతను కొండంత చేయడంలో ఆరితేరిన మనిషి. పెనుకొండ కింద ఎక్కడో సీసపు ఖనిజం ఉందని, వేడినీళ్లు దాన్ని మోసుకొచ్చి నల్లరాతిలో అక్కడక్కడా వదిలాయని వారం తిరక్కముందే ఒక కథ అల్లేశాడు. హైదరాబాదులో సెమినార్‌కు ఆ కథే రాసి పంపాడు. హరిత థీసిస్‌లో సగం అధ్యాయాలు ఆ సీసం చుట్టూ తిప్పి రాయమన్నాడు. అయ్యా, ఒక్కసారి మళ్లీ చూద్దామా అనేవాళ్లు ఆ గదుల్లో లేరు.

హరిత రాయడానికి కూర్చుంది. రాయడానికి ఏమైనా ఉంటే కదా? వేడినీళ్లు తెచ్చి ఉంటే రాతిలో సీసంతో పాటు జింకు పెరగాలి, వెండి పెరగాలి. చివరి ద్రవంలోంచి వచ్చి ఉంటే రుబీడియం, థోరియం పెరగాలి. ఏవీ పెరగలేదు. ఈ పొంతన లేని కథను థీసిస్‌లో పెడితే పరీక్షించేవాళ్లు చీల్చి చెండాడుతారు, పెట్టకపోతే సారు సంతకం పెట్టడు. మార్చి ముప్పై ఒకటికి ఆమె గడువు అయిపోతుంది, అప్పటికి ఇవ్వకపోతే నాలుగేళ్లూ గంగలో కలిసినట్టే. ఒకరోజు మధ్యాహ్నం దంచే గదికి వచ్చి, స్టూలు మీద కూర్చొని, అంకెల టేబుల్ కాగితాలు ఒళ్లో పెట్టుకొని ఏడ్చింది. "అక్కా, ఈ సీసం యాడినుంచి వచ్చిండాదో నాకు తెలీడం ల్యా. ఇది తేలకపోతే నేను ఊరికి పోయి చేను చూసుకునేదే."

ఈశ్వరి కాగితం చేతిలోకి తీసుకుంది. ఆమెకు ఇంగ్లీషు పేర్లు అన్నీ రావు కానీ ఏ గుర్తు దేనిదో తెలుసు. సీసం వరసను వేలితో పట్టుకొని పక్క వరసలన్నీ చూసింది. లక్ష్మన్న సారు మాట గుర్తొచ్చింది. "దీని చుట్టాలు ఎవరూ రాలేదు గదా పాపా. పెండ్లికి ఇంటోళ్లు ఒక్కరూ రాకుండా ఈయప్ప ఒక్కడే వచ్చి బంతిలో కూర్చున్నాడంటే, వాడు ఆ ఇంటోడు కాదు" అంది. హరిత కళ్లు తుడుచుకొని ఆమెను చూసింది. ఆ అనుమానం తనకూ ఉందట, కానీ అక్క దంచిన పొడిలో బయటిది కలిసిందని ఎట్లా అనగలనని ఇన్నాళ్లూ నోరు మెదపలేదట.

ఆ మాటతో ఈశ్వరికి అరికాలి మంట నెత్తికెక్కింది. తన గదిలో, తన పొడిలో బయటిది కలవడమా? ఎవడు కలిపాడు? వెంటనే దొంగలు కనిపించారు. మొదటివాడు కరెంటు పని చేసే కిరణ్. ఇన్వర్టరు బ్యాటరీ ఆఫీసులో వాసన కొడుతుందని తెచ్చి ఈ గది మూలన పడేశాడు. బ్యాటరీ అంటేనే సీసం. వద్దురా నాయనా అంటే, రెండు రోజులక్కా అన్నాడు, ఆ రెండు రోజులు ఆరు నెలలయింది. రెండోవాడు కిటికీ కమ్ములకు ఎర్ర రంగు వేసినవాడు. అందులో కూడా సీసం ఉంటుందని విన్నది. తలుపు మూసి వేయమంటే బార్లా తెరిచి వేసి, పొడి డబ్బాల మీద చుక్కలు చుక్కలుగా చల్లిపోయాడు. ఆమె ఆఫీసు ముందు నిలబడి ఇద్దరినీ కడిగి పారేసింది. బ్యాటరీ అప్పటికప్పుడు బయటికి పోయింది. కమ్ములు గీకించింది. మూడు రోజులు ఎవరు పలకరించినా కసురుకుంది, ఇంట్లో ధనుంజయ కూడా మాట్లాడక తిని లేచిపోయేవాడు.

నాలుగో రోజు నోటుబుక్కు తీసింది. కిరణ్ తన నోటితో తాను ఒప్పుకోవాలి, అందుకు తేదీలు కావాలి. హరితను పక్కన కూర్చోబెట్టి, టేబుల్లో ఉన్న గుట్టల వరస వదిలేసి, తాను దంచిన వరసలో సీసం అంకెలు చదవమంది. హరిత చదివింది, ఈశ్వరి బుక్కులో ఒక్కొక్క రాతి పక్కన రాసుకుంది. జూన్, జూలై, ఆగస్టు, సెప్టెంబరు, పద్నాలుగు రాళ్లు: ఐదు, ఆరు, నాలుగు, ఐదు. ఆ తర్వాతది మూడువందల నలభై. దాని తర్వాత రెండువందల అరవై. నూట తొంభై. నూట నలభై. తొంభై ఎనిమిది. అట్లా మెట్లు దిగినట్టు దిగుతూ దిగుతూ డిసెంబరు చివరికి ఎనిమిదికి వచ్చింది. గుట్టల మీద చూస్తే తలా తోకా లేని అంకెలు, దంచిన వరసలో చూస్తే ఒక్కటి కూడా తప్పలేదు. హరిత కాగితం కింద పెట్టేసింది.

కొండకు సంబంధం లేదని తేలిపోయింది. అయితే బ్యాటరీ వచ్చింది జూలైలో, రంగు వేసింది వేసవి సెలవుల్లో. జూలైలో దంచినవి శుభ్రంగానే ఉన్నాయి. మరి ఆ మూడువందల నలభై ఏ రోజుది? ఈశ్వరి తేదీ చూసింది. దసరా సెలవులయ్యాక మొదటి రోజు.

ఆమె లేచి మిషన్ దగ్గరికి పోయింది. మరలు విప్పి ఇనుప దవడ పలకను పక్కకు లాగింది. పలకకు, చట్రానికి మధ్య వేలు పట్టని సందు. తెల్ల దూది తడిపి పుల్లకు చుట్టి ఆ సందులో పెట్టి తీసింది. దూది కాషాయం రంగులోకి వచ్చింది. ఇంకో దూది పెట్టింది, అదీ అంతే.

పిల్లను చంకన పెట్టుకొని ఊరంతా వెతికినట్టు, ఇన్ని రోజులూ తాను వెతికిన దొంగ తన చేతి కిందనే ఉంది. ఏటా లేనిది ఈ ఏడే గుప్పెడు సిందూరం తెచ్చి ఎవరు పూశారు? తానే. సెలవులయ్యాక ఎవరు తుడిచారు? తానే, అదీ పొడి గుడ్డతో. రాయికి రాయికి మధ్య తెల్ల పలుగురాళ్లు వేసి నలిపి మిషన్ కడిగే మనిషి, చీపురు పుల్ల కూడా రెండుసార్లు నీళ్లలో ముంచే మనిషి, ఆ రోజు ఎందుకు కడగలేదు? బొట్టును నీళ్లతో కడగకూడదు కాబట్టి. కడిగేది ఎప్పుడో ఏ ఆడదానికి తెలియదు? ఆ చెయ్యి అటు పోలేదు, అంతే. గాజులు తీసి మేకుకు తగిలించింది, ఉంగరాల మీద ఊరంతా యుద్ధం చేసింది, బొట్టు ఒక వస్తువనీ, దాన్లో లోహం ఉంటుందనీ మాత్రం ఆమె బుర్రకు తట్టనే లేదు. తన మీద తనకే వచ్చిన కోపానికి రోకలి తీసి గోడకేసి కొడదామా అనిపించింది. అగేటు రోకలి పగిలితే ఇంకొకటి రాదు కాబట్టి కొట్టలేదు.

ఇంటికి పోయి దేవుడి గూట్లోంచి మిగిలిన పొట్లం తీసుకుంది. ధనుంజయకు చెబితే, బొట్టు పెడితే తప్పేముందే, దేవుడికి కోపమొస్తుందా అన్నాడు. దేవుడి సంగతి ఎవరు అడిగారు ఇక్కడ? మర్నాడు హరిత ఆ పొట్లంలోంచి చిటికెడు తీసి ఆమ్లంలో కలిపి, వడకట్టి, తేట నీళ్లలో ఇంకో మందు రెండు చుక్కలు వేసింది. గాజుగొట్టం అడుగున పసుపు ముద్ద లాంటి మడ్డి దిగింది. సీసం ఉంటేనే ఆ రంగు వస్తుంది.

ఇక చెప్పాల్సింది జయప్రకాష్ సారుకు. చెప్పకపోతే ఆమెను అడిగేవాళ్లు లేరు. ఇంకో ఏడాదిలో అందరూ సీసం సంగతి మరిచిపోతారు, ఈశ్వరి చెయ్యి అంటే శుభ్రమైన చెయ్యి అన్న పేరు అట్లాగే ఉంటుంది. కాకపోతే ఆ పిల్ల చేను చూసుకోవడానికి ఊరికి పోతుంది. ఈశ్వరి సారు గదిలోకి పోయి నిలబడింది. "సార్, ఆ సీసం కొండది కాదు. ఆయుధపూజకు మిషన్‌కు నేను పెట్టిన బొట్టుది" అంది. నోటుబుక్కు, దూది, గాజుగొట్టం బల్ల మీద పెట్టింది.

సారు ఆ మూడింటినీ చూశాడు. అప్పుడైనా తల దించుకుంటాడేమో అనుకుంటే, ఈ సంగతి ఇంకెవరికి తెలుసు అని అడిగాడు. సెమినార్‌కు పంపిన కాగితం వెనక్కి తీసుకుంటే పరువేం కావాలన్నాడు. తర్వాత కాస్త మెత్తబడి ఒక ఉపాయం చెప్పాడు. టేబుల్లోంచి సీసం వరస ఒక్కటి కొట్టేస్తే మిగతా అంకెలతో థీసిస్ వెళ్లిపోతుంది, మళ్లీ దంచడాలు, మళ్లీ పంపడాలు, ఇదంతా ఎందుకన్నాడు. హరిత అలసిపోయి ఉంది, సరే అనబోయింది కూడా.

ఈశ్వరికి ఒళ్లు మండింది. "ఆ పొట్లంలో సీసంతో పాటు ఇంకేం కలిపినారో మీకు తెల్సునా సార్? సుద్ద కలిపినారా, ఇటుకపొడి కలిపినారా? నాకు తెలీదు. తెలీనప్పుడు అది రాతి పొడి కాదు, ఊడ్చి పారేసే కసువు. కసువులో మంచివి ఏరుకొని థీసిస్ రాసేదేంది?" అంది. దసరా తర్వాతి ఆ ఇరవై ఎనిమిది రాళ్లూ తాను మళ్లీ దంచుతానని, వారం రోజులు ఎవరూ తన గది తొక్కకూడదని చెప్పి బయటికి వచ్చింది. సెమినార్ కాగితం వెనక్కి తీసుకోవాలో వద్దో సారు ఇష్టానికే వదిలేసింది. రెండు రోజులు మథనపడి ఆయన వెనక్కి తీసుకున్నాడు, తీసుకున్నందుకు నెల రోజులు మూతి ముడుచుకొని తిరిగాడు.

ఆ సాయంత్రం గదిలో ఒక్కతే ఉండి మిషన్ మొత్తం విప్పింది. దవడలు, మరలు, రోలు, రోకలి నేల మీద పరిచింది. బక్కెట్లో నీళ్లు, బ్రష్షు, సబ్బు. మొదటి పలక ఎత్తి చేతిలో పట్టుకుంది కానీ నీళ్లు పోయడానికి చెయ్యి రాలేదు. ఎదురుగా గోడ మేకుకు తన గాజులు, చేతులు బోడి, ఇప్పుడు బొట్టు కూడా కడగాలి. అత్త ఈ క్షణంలో వచ్చి గుమ్మంలో నిలబడితే ఏమంటుందో తెలుసు. ఏడుపు వచ్చింది. ఏడుస్తూనే నీళ్లు పోసింది, ఏడుస్తూనే తోమింది. మూడు నీళ్లు మారేదాకా ఆ ఎరుపు వదలలేదు. తర్వాత ఆమ్లంతో తుడిచి, శుభ్రమైన పలుగురాళ్లు నాలుగు వాయిలు దంచి పారబోసింది.

ఇరవై రెండు రాళ్లకు సంచుల్లో ముక్కలు మిగిలి ఉన్నాయి. ఆరింటికి ఏమీ మిగల్లేదు, మళ్లీ గుట్టలెక్కి కొట్టుకు రావాల్సిందే. ఇన్నేళ్లలో వేల రాళ్లు దంచింది కానీ ఒక్క రాయీ దాని చోట ఉండగా చూసి ఎరగదు ఈశ్వరి. హరితతో కలిసి పెనుకొండ బస్సు దిగి, ముళ్లకంపల్లో చీర ఎగదోపుకొని ఎక్కింది. ఎండకు తిట్టింది, చెప్పుల్ని తిట్టింది, ఇంత పైన చల్లారినందుకు రాతిని కూడా తిట్టింది. నల్లరాయి గోడ పక్కన నిలబడి సుత్తి పుచ్చుకొని, మొదటి దెబ్బ తానే వేసింది. లోపల రాయి కొత్తగా, నీలంగా మెరిసింది. దాని మీద ఎవరి చెయ్యీ పడలేదింకా.

మార్చి పన్నెండున ఫలితాలు వచ్చాయి. సీసం నాలుగు, ఐదు, ఆరు, నాలుగు. చివరికి చల్లారిన చోట మాత్రం పదకొండు, అక్కడ రుబీడియం, థోరియం కూడా పెరిగి ఉన్నాయి. ఈసారి చుట్టాలందరితో కలిసే వచ్చింది. పాత అంకెల్లో సుద్దో సున్నమో ఏదో కలిసింది కూడా నిజమే, కాల్షియం, స్ట్రాన్షియం రెండూ అప్పుడు ఎక్కువ చూపించాయి. హరిత మార్చి ఇరవై ఎనిమిదిన థీసిస్ ఇచ్చింది. పొడి తయారీ గురించి రాసిన పేజీలో, మొదటి పొడి ఎందుకు పారేయాల్సి వచ్చిందో ఒక్క ముక్క దాచకుండా రాసింది. ఈశ్వరి పేరు రాయనా వద్దా అని అడిగింది. రాయమంది ఈశ్వరి. తప్పు చేసింది తానైతే ఊరూ పేరూ లేకుండా రాయడమెందుకు అంది.

మళ్లీ దసరా వచ్చింది. ధర్మవరంలో వెంకటమ్మ ఈసారి ముందే పొట్లం కట్టి ఉంచింది, పోయినసారి కంటే పెద్దది. కోడలు మిషన్‌కు పూజ చేసిందని వీధిలో నలుగురికీ చెప్పుకుందట. ఏం చెబుతుంది ఆవిడకు? నీ సిందూరంలో సీసం ఉంది అత్తా అంటే, ఇరవై రెండేళ్లకు తెరుచుకున్న ఆ మనసు మళ్లీ మూసుకుపోతుంది. చెప్పకపోతే రేపు ఆ ఇంట్లో మగ్గం దగ్గర పాకే మునిమనవడు సిందూరం అంటిన వేలు నోట్లో పెట్టుకుంటాడు. ఆలోచించి ఆలోచించి, సగమే చెప్పింది. ఇది వట్టి రంగు మందు, నోట్లోకి పోతే పిల్లోళ్లకు విషం, మగ్గానికి ఇంట్లో చేసిన పసుపు కుంకుమ పెట్టమంది. వెంకటమ్మ కాసేపు గొణిగి, పొట్లం తెచ్చి కోడలి ముందే పడేసి, మరి నీ మిషన్‌కు ఏం పెడతావని అడిగింది. "మిషన్‌కు పెట్టను అత్తా. దానికి నీళ్లు పోసి తోమేదే పూజ" అంది ఈశ్వరి. అంతే, మాట పడుతుందని కాచుకుంది. వెంకటమ్మ లోపలికి పోయి ఇంట్లో దంచిన కుంకుమ భరిణె తెచ్చి చేతిలో పెట్టింది.

ఆయుధపూజ రోజు కాలేజీ పిల్లలు కొబ్బరికాయతో, నిమ్మకాయలతో దంచే గది ముందుకు వచ్చారు. ఈశ్వరి గడపలో అడ్డంగా నిలబడి, లోపలికి ఒక్క పువ్వు రాకూడదంది. అక్కా, మరి పూజ దేనికి చేసేది అని ఒకడు విసుక్కున్నాడు. ఆమె గాజులు తీసింది, భరిణె తెరిచింది, గోడకున్న ఆ మేకు మీద కుంకుమబొట్టు పెట్టి, గాజులు తగిలించి, చేతులు కడుక్కొని లోపలికి పోయింది.